బ్యూరెట్ 23.6 దగ్గర పట్టించింది

నిన్న సాయంత్రం ప్రాక్టికల్ సప్లీ రిజల్ట్ వచ్చింది. పాసయ్యాను. కోపం, సిగ్గు ఇంకా పోలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

మాది అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ, అందులో రెండో ఏడాది అనలిటికల్ కెమిస్ట్రీ పేపరు. థియరీ గట్టెక్కింది, మొలారిటీ (ద్రావణం గాఢత) లెక్కలు ఇంటర్‌లో చేసినవే. నికెల్ గ్రావిమెట్రీకి, అంటే నికెల్‌ని అవక్షేపంగా దించి తూచడానికి, రోజంతా పట్టింది గానీ, డీఎంజీ అనే రసాయనం పోసి అమ్మోనియా కలపగానే ఎర్రటి అవక్షేపం బుద్ధిగా దిగింది.

నా కొంప ముంచింది ఈడీటీఏ, లోహ అయాన్లను పట్టుకునే రసాయనం. దాంతో నీళ్ల హార్డ్‌నెస్, అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో, కొలవడం. మాది నల్గొండ వైపు, బోరు నీళ్లతో బిందెలకు తెల్లటి చారలు పట్టడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, ఇది మన ప్రయోగమే కదా అనుకున్నా. 20 మి.లీ. నీళ్లు పిపెట్‌తో తీసి, పీహెచ్ (ఆమ్ల-క్షార కొలత) మారకుండా ఉంచే అమ్మోనియా బఫర్ పోసి, ఎరియోక్రోమ్ బ్లాక్-టి అనే ఇండికేటర్ (రంగు మార్చి చూపించే పొడి) చిటికెడు వేస్తే ద్రాక్షసారా రంగు వస్తుంది. నీళ్లలోని మెగ్నీషియం ఇండికేటర్‌ని పట్టుకుని ఉంటుంది, బ్యూరెట్ (మి.లీ. గీతలున్న పొడవాటి గాజు గొట్టం) నుంచి 0.01 మొలార్ ఈడీటీఏ చుక్కచుక్కగా వేస్తుంటే అది ముందు కాల్షియాన్ని, చివర్లో ఆ మెగ్నీషియాన్ని కూడా లాగేసుకుంటుంది, ఇండికేటర్ విడిపోయి నీలంగా మారుతుంది. అదే ఎండ్ పాయింట్. క్లాసులో రెండుసార్లు చక్కగా వచ్చింది.

పరీక్ష రోజు రాలేదు. ఎనిమిది మి.లీ. పోశా, ఊదా. పన్నెండు, ఊదా. ఇంకో చుక్క, ఇంకో చుక్క అనుకుంటూ పోతే 23.6 దాకా వెళ్లింది, అప్పటికీ వంకాయ రంగే. చేతులు చల్లబడిపోయాయి. టైము చూస్తే నలభై నిమిషాలే ఉంది. పక్క బెంచీ అమ్మాయి పేపర్ మీద 9.8 కనబడింది. నేనూ మూడు వరసలు రాసేశా: సున్నా నుంచి 9.8, సున్నా నుంచి 9.8, సున్నా నుంచి 9.8. మా బ్యాచ్‌లో ఇది చేయనివాళ్లుంటే చెప్పండి, దండం పెడతా.

ఎక్స్‌టర్నల్ సార్ సరిగ్గా నా దగ్గరే ఆగారు.

"మూడు రీడింగులూ అయిపోయాయామ్మా?"

"అయిపోయాయి సార్."

"మూడూ సున్నా నుంచే మొదలుపెట్టావా?"

"అవును సార్."

"మరి బ్యూరెట్ 23.6 దగ్గరుందేంటి?"

నోట మాట రాలేదు. ఆయన ఫ్లాస్క్ ఎత్తి కిటికీ వెలుతురుకి పెట్టి, "ఇది నీలమా?" అని ల్యాబంతా వినేట్టు అడిగారు. తర్వాత పక్కమ్మాయి పేపరు కూడా చూసి, "మీ ఇద్దరికీ ఇచ్చిన శాంపిల్ ఒకటి కాదు తల్లీ" అన్నారు. ఇరవైమంది చూస్తుండగా. పక్కమ్మాయి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, పాపం ఆమె నిజంగానే చేసుకుంది.

గాజు సామాను కడుగుతుంటే ముక్కు చీదుకుంటున్న నన్ను చూసి ల్యాబ్ అటెండర్ అన్న బఫర్ సీసా తెచ్చాడు. "బిడ్డా, దీని వాసన జూసినవా? ముక్కు పగలాలె. ఇది నీళ్ల లెక్కుంది." మా బెంచీ సీసాకి మూతే లేదు, దూది కుక్కి ఉంది. నెలరోజులుగా అమ్మోనియా ఎగిరిపోయింది. ఈడీటీఏ లోహాన్ని పట్టుకుంటూ హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది, వాటిని తట్టుకుని పీహెచ్‌ని 10 దగ్గర నిలబెట్టడమే బఫర్ పని. అది చచ్చిపోతే పీహెచ్ దిగుతుంది, రంగు సాగుతూనే ఉంటుంది. ఇన్‌స్పెక్షన్ కోసం కొత్త బీకర్లు బీరువాలో తాళమేసి దాచే డిపార్ట్‌మెంట్‌కి ఒక మూత దొరకలేదు! అలాగని 9.8 రాయమని నాకు వాళ్లేం చెప్పలేదు, అది నా ఘనకార్యమే.

రాయబోయేవాళ్లకి నాలుగు ముక్కలు. బఫర్ వాసన చేత్తో విసురుకుని చూడండి, ఘాటు లేకపోతే కొత్తది అడగండి, సిగ్గుపడకండి. ఇండికేటర్ ద్రావణం పాతబడితే పనిచేయదు, ఉప్పుతో నూరిన పొడి నయం. పిపెట్‌లో చివరి చుక్కని ఊదమని మా సీనియర్ ఒకడు నేర్పాడు, ఊదకూడదు, వాడి మాట వినకండి. అసలు సీనియర్ల మాటే వినకండి.

సప్లీలో నా బఫర్ నేనే కలిపా. 17.5 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్, 142 మి.లీ. గాఢ అమ్మోనియా, నీళ్లతో 250కి. కళ్ల వెంట నీళ్లు కారాయి గానీ రీడింగులు 11.6, 11.5, 11.6 వచ్చాయి. నీలం ఒక్క చుక్కకే దిగింది. వైవాలో స్టూడెంట్స్ టి-టెస్ట్‌కి (సగటుల మధ్య తేడా నిజమైనదో కాదో చూసే లెక్క) స్టూడెంట్ పేరెందుకు అని అడిగితే, గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసే గాసెట్ 1908లో ఆ మారుపేరుతో పేపరు అచ్చేశాడని చెప్పా. మేడమ్ నవ్వారు. ఆ ప్రశ్నకి మా బ్యాచ్‌లో జవాబు చెప్పింది నేనొక్కదాన్నే, రాసిపెట్టుకోండి.

అదే ఊపులో ఇంటి బోరు నీళ్లు కూడా తెచ్చి చేశా. 13.4 మి.లీ. పట్టింది, అంటే హార్డ్‌నెస్ (కాల్షియం కార్బొనేట్ లెక్కన) లీటరుకి 670 మిల్లీగ్రాములు. మన ప్రమాణాల్లో కోరదగినది 200, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా సరే అంటారు. ఫోన్ చేసి గొప్పగా చెబితే అమ్మ, "పప్పు ఉడకట్లేదని నేను ఎప్పట్నుంచో చెప్పట్లేదా" అంది. తర్వాత ఫ్లోరైడ్ ఎంతుందో చూశావా అని అడిగింది. అది ఈడీటీఏతో తేలదమ్మా, దానికి వేరే ఎలక్ట్రోడ్ కావాలి, మా ల్యాబ్‌లో ఉన్నది బీరువాలో ఉంది అన్నా.