సైన్సు సారు సైకిలు బెల్లు

మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకు 1994 పదో తరగతి జట్టు తరఫున ఎవరో ఒకరు రాయాలని కమిటీ కోరగానే, మనం రేడియో అని మారుపేరుతో పిలిచే మిత్రుడు నాకు ఫోను చేసి, "దెయ్యాల సినిమాల పిచ్చోడివి నువ్వే గదా, నువ్వే రాయి" అని తీర్పు చెప్పాడు. రెండు పుటలు దాటకూడదని షరతు కూడా పెట్టినందువల్ల వార్షికోత్సవాలు, కబడ్డీ పోటీలు, హెడ్మాస్టరు గారి గొడుగు వగైరాల జోలికి పోవడం లేదు. ఎనిమిదో తరగతి నాకు బొత్తిగా గుర్తులేదు. ఆ తర్వాత గుర్తున్నదంతా సైన్సు సారే.

1993లో దూరదర్శన్‌లో బాసు ఛటర్జీ తీసిన 'బ్యోంకేశ్ బక్షీ' అనే హిందీ డిటెక్టివు సీరియలు వచ్చేది. మనలో హిందీ తెలిసినవాడు గోల్డ్‌స్పాట్ ఒక్కడే కాబట్టి, వాడి తర్జుమాలో హంతకులు ఎంత సులువుగా మారిపోయేవారో మీకు చెప్పనక్కరలేదు. గ్రామఫోను ముల్లు కథ మాత్రం తర్జుమా లేకుండానే అందరికీ అర్థమయింది. రోడ్డు దాటుతున్న మనుషులు ఉన్నట్టుండి కుప్పకూలిపోతారు, గుండెలో గ్రామఫోను ముల్లు దిగి ఉంటుంది, తుపాకి పేలిన చప్పుడు ఎవరూ విని ఉండరు. సైకిలు మీద ఎదురొచ్చే మనిషి బెల్లు మోగిస్తూ, ఆ బెల్లులోనే అమర్చిన స్ప్రింగుతో ముల్లు వదులుతున్నాడని చివరికి తేలుతుంది.

మర్నాడు సైకిలు స్టాండులో సారు సైకిలుకు బెల్లు లేదు.

సారు ఏమీ జరగనట్టే వచ్చి, కాంతి వక్రీభవనం పాఠం పూర్తిగా చెప్పి, బోర్డు తుడిచి, చేతికంటిన సుద్దపొడి దులుపుకుని బయటికి వెళ్ళిపోయారు. వెళ్ళినవారు అలవాటు ప్రకారం మళ్ళీ వెనక్కి వచ్చి, గడప అవతలే నిలబడి, "ఆఁ, ఇంకొక్క మాట. స్ప్రింగు ఎంత దూరం పోయిందప్పా?" అని మామూలుగా అడిగారు. "ఎదురుగోడ దాకా కూడా పోలేదు సార్" అని మూడో బెంచీ నుంచి ఠక్కున జవాబు వచ్చింది. ఆ జవాబు ఎవరిదో ఇక్కడ రాయను. వారు ఇప్పుడు మన కమిటీలో గౌరవనీయమైన స్థానంలో ఉన్నారు.

బెత్తం పడుతుందనుకున్నాం గానీ సారు మనందరినీ ల్యాబుకు తీసుకుపోయి, దొరికిన బెల్లును బల్ల మీద విప్పి పెట్టారు. బొటనవేలితో నొక్కే మీట, దాన్ని వెనక్కి లాగే సన్నటి స్ప్రింగు, రెండు పళ్ళచక్రాలు, చక్రంతో పాటు తిరుగుతూ టోపీని లోపలినుంచి కొట్టే వదులు బిళ్ళలు. ఆ స్ప్రింగుకు మీటను వెనక్కి తేవడమే గగనమని, దానితో మనిషిని కాదు గదా ఈగను కూడా చంపలేమని ముందు తేల్చేశారు. తర్వాత బొండాంను వెనక నిలబెట్టి అగ్గిపుల్ల విరవమన్నారు, అందరికీ వినపడింది. బెల్లు మళ్ళీ బిగించి, అది మోగుతుండగా విరవమన్నారు, ఎవరికీ వినపడలేదు. "ముల్లు సంగతి వదిలెయ్యండి. ఆ కథలో అసలు ఆయుధం చప్పుడే. పెద్ద చప్పుడు చిన్న చప్పుడును మింగేస్తుంది" అన్నారు.

పబ్లిక్ పరీక్షలు ముగిశాక కొర్లగుంటలోని సారు ఇంట్లో, అద్దెకు తెచ్చిన వీసీపీ (వీడియో క్యాసెట్ ప్లేయరు) మీద, హిచ్‌కాక్ 1960లో తీసిన 'సైకో'లోంచి మెట్ల దృశ్యం ఒక్కటీ చూశాం. మిగతాది మన వయసుకు తగదని సారు భార్య, అమ్మగారు, గట్టిగా చెప్పడం వల్ల అంతకు మించి సాగలేదు. డిటెక్టివు మెట్లెక్కి పైకి వస్తాడు, కెమెరా ఉన్నట్టుండి ఇంటికప్పు దగ్గరికి పోయి కిందికి చూస్తుంది, గదిలోంచి ఒక ఆకారం కత్తితో దూసుకొస్తుంది. సారు మొదట శబ్దం పూర్తిగా తగ్గించి చూపిస్తే మనం నవ్వాం. రెండోసారి శబ్దం పెంచి చూపించినప్పుడు బొండాం చేతిలోని వేరుశనక్కాయల పొట్లం ఏమైందో అమ్మగారికి బాగా తెలుసు. ఆ చిత్రమంతటికీ సంగీతం కూర్చిన బెర్నార్డ్ హెర్మన్ తీగవాద్యాలు తప్ప మరో వాద్యం వాడలేదని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. "భయమేస్తే కళ్ళు కాదప్పా, చెవులు మూసుకోండి" అన్న సారు మాట మాత్రం ఆ రోజే తలకెక్కింది.

ఇంటర్, డిగ్రీ, మధ్యలో చేసిన ఉద్యోగాలు వదిలేస్తాను. చాలా ఏళ్ళుగా నేను చెన్నైలో సినిమాలకు, సీరియళ్ళకు అడుగుల చప్పుడు, తలుపుల కిర్రు, గాజుల గలగల చేసి పెట్టే పనిలో ఉన్నాను. నా పేరు తెర మీద చివర్లో పరుగెత్తే అక్షరాల్లో వస్తుంది. మా అమ్మాయి బొమ్మను అక్కడ ఆపి ఇంటికొచ్చిన చుట్టాలకు చూపిస్తుంది, నేను వద్దనను.

పని లేని రాత్రుళ్ళు పాతవన్నీ మళ్ళీ చూస్తుంటాను. 1992లో సెకండ్ షోకు పోయి బిక్కచచ్చి తిరిగొచ్చిన రాంగోపాల్ వర్మ 'రాత్రి'లో దెయ్యం ఇప్పుడు నన్ను భయపెట్టదు. ఎవరూ లేని ఇంట్లో ఎవరో నడుస్తున్నట్టు సాగే కెమెరా, మణిశర్మ నేపథ్య సంగీతం మాత్రం ఇప్పటికీ వెన్నులో చలి పుట్టిస్తాయి. (ఆ సినిమాలోని పిల్లి సంగతి బొండాం ముందు ఎత్తవద్దు.) 1985లో వంశీ తీసిన 'అన్వేషణ'లోని అడవి, మనం జలపాతం కింద కూర్చుని పులిహోర తిన్న తలకోనే. పక్షుల కూతల్లో సంగీతం వెదుక్కుంటూ వచ్చిన అమ్మాయి కథలో అడుగడుగునా అనుమానం రేగుతుంటే, పులి కంటే ముందు చెవి ఉలిక్కిపడుతుంది. ఇప్పటి సీరియళ్ళలో అత్తగారు కనురెప్ప వేసినా ఉరుము వేయమంటారు. వేస్తాను, అది నా జీతం. కానీ నిశ్శబ్దాన్ని అలా వదిలేసే ధైర్యం పాతవాళ్ళకే ఉండేదని నా గట్టి నమ్మకం.

అమెరికా టెలివిజన్‌లో 1971 నుంచి వరుసగా వచ్చిన డిటెక్టివు సీరియలు 'కొలంబో' నాకు ఆలస్యంగా దొరికింది. హంతకుడెవరో అందులో మొదట్లోనే చూపించేస్తారు. ఎలా దొరుకుతాడన్నదే కథ. డిటెక్టివు వేషం వేసిన పీటర్ ఫాక్ నలిగిన రెయిన్‌కోటులో గుమ్మం దాకా పోయి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, ఇంకొక్క మాట అంటాడు. ఆ కోటు విప్పి తెల్లచొక్కా తొడిగితే మన సారే. నేను బొమ్మ ఆపి రేడియోకు ఫోను చేస్తే, వాడు ఆ వేళప్పుడు నిద్ర లేపినందుకు తిట్టాడు గానీ, తెల్లారేసరికి ఒక భాగం చూసేసి తనే మళ్ళీ ఫోను చేశాడు.

సమ్మేళనానికి సారు వస్తున్నారని కమిటీ ఉత్తరంలో ఉంది. సాంస్కృతిక కార్యక్రమాల్లో నాకొక పావుగంట కేటాయిస్తే ఆ మెట్ల దృశ్యాన్ని శబ్దం లేకుండా ఒకసారి, శబ్దంతో ఒకసారి వేసి చూపిస్తాను. స్పీకర్లు చెన్నై నుంచి నేనే తెచ్చుకుంటాను. మన హాలు మైకుసెట్టును మాత్రం దయచేసి ఎవరూ ఆన్ చేయవద్దు.