అవతలి కోర్టు చదివించిన మాస్టారు

మన బడి వాలీబాల్ జట్టు మాట వస్తే అందరూ షాట్లు కొట్టినవాళ్ల పేర్లే చెబుతారు. కోనసీమలో సంక్రాంతి టోర్నమెంట్లకి జనం ఎగబడేది ఆ షాట్ల కోసమే మరి. వెనక లైన్లో నిలబడి ఆ షాట్లు లేపినవాళ్ల గురించి, వాళ్లను తయారుచేసిన మన డ్రిల్లు మాస్టారి గురించి నేను రాస్తాను. నేను ఆడింది కూడా వెనకే, ఐదో స్థానంలో, అంటే వెనక వరస ఎడమ మూల.

1990ల మొదట్లో మేం ఆడేటప్పుడు ఆఖరి నిర్ణాయక సెట్టు తప్ప, సర్వీస్ చేసిన జట్టుకే పాయింటు, సెట్టుకి 15. అవతలివాళ్ల సర్వీస్ మీద మనం ఎంత గొప్ప షాట్ కొట్టినా మనకు దక్కేది సర్వీసే. మన సర్వీస్ మీద వాళ్లు కొట్టినదాన్ని లేపి, తిరిగి కొడితే అప్పుడు స్కోరు కదిలేది. అందుకే మాస్టారికి డిఫెన్స్ అంటే అంత పట్టుదల. సర్వీస్ ఎవరిదైనా ర్యాలీ గెలిచినవాళ్లకే పాయింటు అనే ర్యాలీ పాయింట్లు అన్ని సెట్లకీ రావడం, వెనక ఆడటానికే ప్రత్యేకంగా లిబెరో, ఇవన్నీ 1998 నుంచి వచ్చిన మార్పులు.

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కొట్టిన బంతి ఏడు మీటర్లు రావడానికి పావు సెకను చాలు. కొట్టాక చూసి కదులుదామంటే కుదరదు. కొట్టబోయేది ముందే తెలియాలి.

“ఒరేయ్, బంతి ఎక్కడికీ పోదు గానీ, ముందు వాళ్ల పాస్ చూడండ్రా!” అనేవారు మాస్టారు. పాస్ అంటే వచ్చిన బంతిని లిఫ్టర్‌కి అందించే మొదటి టచ్, లిఫ్టర్ అంటే కొట్టేవాడికి బంతి ఎత్తి ఇచ్చేవాడు. పాస్ చెడి లిఫ్టర్ మూడు మీటర్ల గీత వెనక్కి పరిగెత్తాడంటే మధ్యలో షార్ట్, అంటే తక్కువ ఎత్తు లిఫ్ట్ మీద చటుక్కున కొట్టే షాట్, ఇక లేనట్టే. బంతి ఎత్తుగా ఏదో ఒక చివరికి, చాలాసార్లు వాళ్ల ముందు వరస ఎడమ చివరైన నాలుగో స్థానానికే పోతుంది. పాస్ నెట్ దగ్గరికి చక్కగా వచ్చిందా, అప్పుడు లిఫ్టర్ నడుము చూడాలి. నడుము విల్లులా వెనక్కి వంగితే లిఫ్ట్ వీపు వెనక్కి వెళ్తోందన్నమాట. ముందు వరసలో ఉన్న లిఫ్టర్ అయితే తనే నెట్ మీంచి వేసేయొచ్చు, దాని మీదా ఒక కన్ను ఉంచాలి.

అక్కణ్ణుంచి బంతిని వదిలేసి కొట్టేవాడి మీదికి చూపు తిప్పాలి. కొత్తవాళ్లకి అన్నిటికన్నా కష్టం ఇదే. లిఫ్ట్ నెట్‌కి దూరంగా పడితే వాడు నిలువుగా దించలేడు, వెనక్కి జరగాలి. బంతి వాడి తల వెనక్కి పోతే బలం చాలదు, ప్లేసింగ్‌కి, అంటే ఖాళీ చోట మెల్లగా వేసే బంతికి, సిద్ధం కావాలి. పరుగు ఏ వాలున వస్తుందో షాట్ ఎక్కువగా ఆ వాలునే వెళ్తుంది. నెట్ దగ్గర ఎగిరి చేతులు అడ్డుపెట్టే మన బ్లాక్ లైన్‌ని, అంటే పక్కగీత వెంట దారిని, మూసిందంటే ఐమూలగా వచ్చే క్రాస్ నాది. బ్లాక్ చేతుల చాటున కొట్టేవాడి చెయ్యి కనబడకపోతే అక్కడికి గట్టి షాట్ రాదు, పక్కకి జరిగి చెయ్యి కనబడేచోట నిలబడాలి. వాడి చెయ్యి బంతికి తగిలే వేళకి మన కాళ్లు ఆగి ఉండాలి. కదులుతూ ఉన్నవాడు ఎదురుగా వచ్చిన బంతినీ లేపలేడు.

సాయంత్రం సముద్రపు గాలి మొదలయ్యాక మాస్టారు కొబ్బరి మట్టలు ఎటు ఊగుతున్నాయో చూడమనేవారు. గాలివాటున లేచిన లిఫ్ట్ అనుకున్నదానికంటే దూరం పోతుంది, కొట్టేవాడు అందుకోవడానికి వంకర తిరుగుతాడు.

ఒక టోర్నమెంట్లో ప్రత్యర్థి జట్టు వార్మప్ చేస్తుంటే మమ్మల్ని నెట్ స్తంభం పక్కన కూర్చోబెట్టారు. “ఆ తెల్ల బనియను కుర్రాణ్ణి చూడండి. ఏం కనబడింది?” అన్నారు. ఎడమచేతివాటం కుర్రాడు, ముందు వరస కుడి చివర, రెండో స్థానం నుంచి కొడుతున్నాడు. అతని షాట్లకి మేం కళ్లప్పగించేశాం. వెనక కుడి మూల ఆడే మా ఒకటో స్థానం కుర్రాడు మాత్రం, “ప్లేసింగ్ వేసేముందు చివరి అడుగు చిన్నగా వేస్తున్నాడండీ, మోచెయ్యి కూడా దిగుతోంది” అన్నాడు. మాస్టారు వాడి వీపు తట్టారు. మ్యాచ్‌లో ఆ చిన్న అడుగు పడ్డప్పుడల్లా వాడు “ముందుకి!” అని అరిచేవాడు. బ్లాక్ వెనక పడాల్సిన బంతి వాడి చేతుల్లో పడేది. రెండో సెట్టు సగానికి ఆ ఎడమచేతి కుర్రాడు ప్లేసింగ్ మానేశాడు. గట్టి షాట్లకి మా బ్లాక్ ఉండనే ఉంది.

బలం, ఎత్తు దేవుడిచ్చినంతే. ఈ చూపు మాత్రం నేర్పితే వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే మాలో పొడుగువాళ్లు తక్కువ.

ఇప్పుడు మన బడిలో అమ్మాయిల జట్టు బాగా ఆడుతోంది. 2.24 మీటర్ల నెట్ మీద వాళ్ల ర్యాలీలు పొడుగ్గా సాగుతున్నాయి, ఈ విద్య వాళ్లకి బాగా పనికొస్తుంది. పీఈటీ గారు ఒప్పుకున్నారు కాబట్టి, వచ్చే సెలవుల్లో సాయంత్రాలు నేను గ్రౌండుకి వెళ్తున్నాను. ఏ బ్యాచ్ వాళ్లయినా సరే, వెనక లైన్ ఆడినవాళ్లు ఊళ్లో ఉంటే రండి. అవతలి కోర్టులో నిలబడి షాట్లు కొట్టేవాళ్లు కూడా కావాలి.