అడవి దారికి బూట్లు: పైకి కనిపించే తోలు కన్నా అడుగున ఉన్నది ముఖ్యం

నా దగ్గర ఒక జత బూట్లు ఉండేవి. కొన్న ఏడాది నాలుగైదు సార్లు తొడిగి, తరువాత తీరిక లేక వాటిని శుభ్రంగా తుడిచి, తోలుకు మైనం రాసి, పెట్టెలో పెట్టి అటక మీద దాచాను. ఆరేళ్ళ తరువాత వాటిని దింపి చూస్తే తోలు మీద ఒక్క ముడత లేదు, కుట్లు బిగువుగా ఉన్నాయి. ఎంతో భరోసాతో వాటిని తొడుక్కుని కొండ ఎక్కడం మొదలుపెట్టిన మూడో గంటలో కుడి బూటు మడమ దగ్గర అట్ట ఊడి వేలాడింది. మరికొంత దూరం వెళ్ళేసరికి ఎడమ బూటుదీ అదే పరిస్థితి. ఊడిన చోట చూస్తే తోలుకూ రబ్బరుకూ నడుమ ఉండవలసిన మెత్తని పొర తడిసిన బిస్కెట్టులా వేళ్ళ మధ్య పొడి అయిపోయింది. లేసులను అరికాలి కింద నుంచి చుట్టి కట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ దిగి వచ్చాను. బూట్ల మన్నిక గురించి నేను నేర్చుకున్నదంతా ఆ రోజు నుంచే మొదలైంది.

ఆ పొరను సాధారణంగా పాలియురిథేన్ అనే నురుగు ప్లాస్టిక్‌తో చేస్తారు. బరువు మోస్తూ నడిచేవారికి అది మంచి పదార్థమే. ఏళ్ళ తరబడి తొక్కినా తొందరగా అణగదు. అయితే గాలిలోని తేమ దాని అణువుల బంధాలను మెల్లమెల్లగా తెంపుతుంది. హైడ్రాలసిస్ అనే ఈ చర్య బూట్లు వాడినా వాడకపోయినా సాగుతూనే ఉంటుంది, వేడిగానూ తేమగానూ ఉండే చోట ఇంకా వేగంగా సాగుతుంది. అందువల్ల పెట్టెలో భద్రంగా దాచిన జత కొత్తదన్న నమ్మకం సరి కాదు. పాత నిల్వ సరుకు తక్కువ ధరకు దొరికినప్పుడు నేను మొదట అడిగేది ఆ జత ఎప్పుడు తయారయిందనే. తేలికపాటి బూట్లలో వాడే ఈవీఏ అనే మరో రకం ప్లాస్టిక్ నురుగుకు ఈ జబ్బు లేదు కానీ, అది నడిచేకొద్దీ అణగిపోయి మెత్తదనం కోల్పోతుంది. ఏది తీసుకున్నా దాని ఆయుష్షు ఎక్కడ ముగుస్తుందో తెలిసి తీసుకోవాలి.

పైభాగాన్ని అడుగుతో ఎలా కలిపారన్నది దీని తరువాతి ప్రశ్న. జిగురుతో అంటించిన బూటు తేలికగా ఉంటుంది, మొదటి రోజు నుంచే వంగుతుంది. అడుగు అరిగితే మాత్రం చాలావాటిని పారేయవలసిందే. చుట్టూ ఒక తోలు పట్టీని కుట్టి, ఆ పట్టీకి అట్టను మళ్ళీ కుట్టే పద్ధతిని గుడ్‌ఇయర్ వెల్ట్ అంటారు. 1870లలో చార్లెస్ గుడ్‌ఇయర్ జూనియర్ దీనికి తగిన యంత్రాన్ని వాడుకలోకి తెచ్చారు. ఇలా కుట్టిన బూటుకు అరిగిన అడుగును విప్పి కొత్తది వేయించుకోవచ్చు. బరువు ఎక్కువ, కాలికి అలవాటు పడడానికి సమయమూ ఎక్కువ పడుతుంది. పాదానికి తగిలించుకున్న బరువు వీపున మోసే అదే బరువు కన్నా ఎన్నో రెట్లు అలసట కలిగిస్తుంది కనుక, రోజంతా వేగంగా నడిచేవారికి నేను కుట్టు బూటు చెప్పను. బరువైన సంచితో రాళ్ళ దారిలో ఏళ్ళ తరబడి నడవదలచినవారికి తప్పక చెబుతాను.

కింది రబ్బరు విషయంలో ఒక చరిత్ర గుర్తుంచుకోదగినది. 1935లో ఆల్ప్స్ పర్వతాలలో వాతావరణం ఒక్కసారిగా చెడిపోగా ఆరుగురు పర్వతారోహకులు మరణించారు. వారి పాదరక్షలు ఆ మంచుకూ చలికీ తగినవి కావు. ఆ దుర్ఘటనలో మిత్రులను కోల్పోయిన ఇటలీ పర్వతారోహకుడు విటాలె బ్రమాని, లోతైన గాడులున్న రబ్బరు అడుగును రూపొందించి 1937లో పేటెంటు పొందారు. ఆ అడుగులకు పెట్టిన విబ్రమ్ అన్న పేరు ఆయన పేరులోని అక్షరాల నుంచే వచ్చింది. 1954లో కె2 శిఖరాన్ని తొలిసారి ఎక్కిన ఇటలీ బృందం ధరించినవి ఈ అడుగులున్న బూట్లే. అయితే ఆ పేరున్న ముద్ర కనిపించినంత మాత్రాన అన్ని రబ్బర్లూ ఒకటే అనుకోకూడదు. గట్టి రబ్బరు చాలాకాలం అరగదు కానీ తడి బండ మీద జారుతుంది. మెత్తనిది బండను పట్టుకుంటుంది కానీ త్వరగా అరుగుతుంది. ఈ రెండింటిలో ఒకటి వదులుకోవలసి వస్తే నేను మన్నికనే వదులుకుంటాను, ఎందుకంటే అరిగిన అడుగును మార్చుకోవచ్చు, జారి విరిగిన చీలమండను మార్చుకోలేము.

ఇంతటి మన్నిక ఉన్నా పాదానికి సరిపోని బూటు నిరుపయోగమే. ప్రతి తయారీదారుకూ తనదైన పాదపు అచ్చు ఉంటుంది, ఆ అచ్చు మీదే బూటు రూపుదిద్దుకుంటుంది. అందుకే ఒకే అంకె రాసి ఉన్న రెండు జతలు ఒకే కాలికి వేరువేరుగా కూర్చుంటాయి. సాయంత్రం పూట, రోజంతా తిరిగి పాదాలు కాస్త ఉబ్బిన తరువాత, దారిలో వేసుకోబోయే మేజోళ్ళతోనే తొడిగి చూడాలి. చాలామందికి ఒక పాదం రెండవదానికన్నా కొంచెం పొడవు ఉంటుంది. కొలత ఆ పెద్ద పాదానిదే. లేసులు కట్టకముందు పాదాన్ని ముందుకు తోసి, మడమ వెనుక ఒక వేలు దూరుతుందో లేదో చూడాలి. లేసులు బిగించాక వాలుగా ఉన్న పలక మీద కిందికి దిగుతూ గట్టిగా అడుగు వేయాలి. బొటనవేలు ముందు గోడను తాకితే ఆ జతను అక్కడే వదిలేయడం మేలు, ఎందుకంటే కొండ దిగే రెండు గంటలలో ఆ తాకిడి వేల సార్లు జరిగి గోరు నల్లబడుతుంది. ఎక్కేటప్పుడు మడమ లోపల పైకీ కిందికీ ఆడితే బొబ్బ తప్పదు. చిటికెన వేలి పక్క నొక్కుడు ఉంటే వాడగా వాడగా సాగుతుందని అమ్మేవారు చెబుతారు. తోలు కొంత సాగే మాట నిజమే కానీ, అచ్చు వెడల్పు మారదు. బూటు వంగే చోటు మన వేళ్ళు వంగే చోటుతో కలవాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. అది కలవకపోతే ప్రతి అడుగుకూ తోలు మడత వేళ్ళ మీద కోస్తుంది.

నీరు చొరని పొర గురించి నాది కొందరికి నచ్చని అభిప్రాయం. 1969లో బాబ్ గోర్ ఒక ప్లాస్టిక్ కడ్డీని వేడిచేసి ఒక్కసారిగా లాగినప్పుడు పుట్టిన పదార్థమే బూట్లలో వాడే గోర్‌టెక్స్ అనే నీరు చొరని పొరకు ఆధారం. దాని రంధ్రాలలో నీటి బొట్టు దూరదు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది. చలిలో, తడి గడ్డిలో, కరిగే మంచులో దాని విలువ నిస్సందేహం. కానీ వాగు దాటేటప్పుడు నీరు పై నుంచే లోపలికి వస్తుంది, అలా వచ్చిన నీటిని ఆ పొర బయటికి పోనివ్వక తడిని గంటల తరబడి పట్టి ఉంచుతుంది. వేడి వాతావరణంలో నడిచేవారికి పొర లేని, త్వరగా ఆరే బూటూ ఊలు మేజోళ్ళూ సుఖం. నూలు మేజోళ్ళు చెమటను పీల్చి చర్మాన్ని నానబెడతాయి. నానిన చర్మమే ముందుగా ఒరుసుకుపోతుంది.

చట్టం అనుమతించిన చోట వేటకు వెళ్ళేవారి అవసరం ఇక్కడే కొంత వేరవుతుంది, ఎందుకంటే వారు ఎంతసేపు నడుస్తారో అంతసేపు ఒకేచోట కదలకుండా కాచుకుని కూడా ఉంటారు. నడుస్తుంటే వెచ్చగా ఉండే బూటు నిలబడితే చల్లబడుతుంది. లోపలి ఉష్ణరక్షక పొరను చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని లెక్కకడతారు; చలిలో నడిచేవారికి 200 గ్రాములు చాలినచోట గంటల తరబడి కూర్చునేవారికి 800 కూడా ఎక్కువ కాదు. అడుగు మరీ గట్టిదైతే ఎండుటాకు మీద చప్పుడు చేస్తుంది, గాడులు మరీ లోతైతే గులకరాళ్ళు ఇరుక్కుని బండ మీద గీసుకుంటాయి. 1910ల మొదట్లో అమెరికాలో లియాన్ బీన్ అనే వేటగాడు బురద కోసం కింద రబ్బరూ పైన తోలూ కలిపి బూట్లు చేసి అమ్మారు. మొదటి వంద జతలలో తొంభై, రబ్బరు నుంచి తోలు విడిపోయి తిరిగి వచ్చాయి. ఆయన అందరికీ సొమ్ము వాపసు ఇచ్చి, ఆ కలిసే చోటును బాగుచేసి మళ్ళీ అమ్మారు. నూరేళ్ళ కిందట ఆయన బూటు తప్పిందీ, అటక మీది నా బూటు తప్పిందీ ఒకే చోట, రెండు పదార్థాలు కలిసే చోట.

అందుకే ఇప్పుడు బూటు చేతికి రాగానే నేను ముందుగా తోలు నిగనిగను చూడను. ముందు భాగాన్ని వంచి, అట్ట అంచు ఎక్కడైనా విచ్చుకుంటుందేమో చూస్తాను. మధ్య పొరను బొటనవేలి గోటితో నొక్కి, వదిలాక తిరిగి లేస్తుందో, సన్నని చీలికలు కనిపిస్తాయో గమనిస్తాను. నా దగ్గర ఉన్న జతలకు కూడా ప్రతి ప్రయాణానికి వారం ముందు ఇదే పరీక్ష చేసి, ఇంటి చుట్టూ రెండు గంటలు నడుస్తాను. తడిసి వచ్చిన రోజున లోపలి అట్టను బయటికి తీసి, కాగితాలు కుక్కి, నీడలో ఆరబెడతాను. పొయ్యి దగ్గర పెడితే తోలు బిరుసెక్కి జిగురు వదులవుతుంది.