జ్వరం తగ్గాకే జాగ్రత్త: హెచ్ఐవి మందు వేసుకునేవాళ్లకు

మంచాన పడి ఉన్నన్నాళ్లూ మాత్ర ఎవరూ మరిచిపోరు. నోట్లో తెల్లపూత పోయి, తిన్న అన్నం ఒంటికి పట్టి, మళ్లీ డ్యూటీకి వెళ్లడం మొదలుపెట్టాకే అసలు గండం. నాలాగా హెచ్ఐవితో బతుకుతూ చెన్నైలో మందు తీసుకునే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు వైపు నుంచి తాంబరం శానటోరియం అనే ఛాతీ జబ్బుల ప్రభుత్వ ఆసుపత్రికి మనవాళ్లు ఏళ్లుగా వస్తూనే ఉన్నారు. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం హెచ్ఐవిని అణిచి ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు తొలి కేంద్రాల్లో అదీ ఒకటి.

నాకు టీబీ పరీక్షలు చేస్తుంటే హెచ్ఐవి కూడా బయటపడింది. రెండూ ఉంటే ముందు టీబీ మందులు మొదలుపెట్టి, మామూలుగా రెండు వారాల్లోపు ఏఆర్‌టీ కలుపుతారు. మెదడు పొరల టీబీ అయితే ఇంకొన్నాళ్లు ఆగుతారు. ఏఆర్‌టీ మొదలైన కొత్తలో తగ్గిన జ్వరం తిరగబెట్టవచ్చు, మెడ దగ్గర గడ్డలు ఉబ్బవచ్చు. మందు పడలేదనుకుని కొందరు ఇక్కడే ఆపేస్తారు. ఒంట్లో రోగనిరోధక శక్తి మళ్లీ లేచి, దాక్కున్న టీబీ క్రిముల మీద విరుచుకుపడటం వల్ల కూడా అలా అవుతుంది. వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి, మాత్రను మాత్రం సొంతంగా ఆపకూడదు. టీబీ మందులు వాడే రోజుల్లో, హెచ్ఐవి మాత్రలో ఉండే డోల్యుటెగ్రావిర్ అనే మందునే 50 మి.గ్రా. మాత్రగా ఇంకొకటి అదనంగా ఇస్తారు, రెంటికీ మధ్య 12 గంటల తేడా ఉండాలి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ వల్ల కాలేయం డోల్యుటెగ్రావిర్‌ను త్వరగా ఖర్చు చేసేస్తుంది, అందుకని. రిఫాంపిసిన్ ఆపాక కూడా ఆ ప్రభావం పోవడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి అదనపు మాత్రను అప్పటిదాకా వేసుకోవాలి.

ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్నది టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోల్యుటెగ్రావిర్ 50 మి.గ్రా. కలిపిన ఒకే మాత్ర, రోజుకొకటి, తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు. వెనకటి మందులో ఎఫావిరెంజ్ ఉండేది, తల తిరుగుతుందని పడుకోబోయే ముందు వేసుకోమనేవాళ్లు. ఆ అలవాటుకొద్దీ ఇంకా రాత్రే వేసుకునేవాళ్లున్నారు. డోల్యుటెగ్రావిర్‌తో కొందరికి నిద్ర పట్టదు, వాళ్లు డాక్టరుతో చెప్పి పొద్దుటికి మార్చుకుంటే సరిపోతుంది. షిఫ్టులు మారే కంపెనీ పనివాళ్లకు సాయంత్రం టీ వేళ అనువైనదని నా నమ్మకం. ఏ షిఫ్టులో ఉన్నా ఆ వేళకు మెలకువగానే ఉంటారు.

రోజూ వేసుకుంటూ కూడా మందు పనిచేయకుండా చేసుకునే దారి ఒకటుంది, మెడికల్ షాపులో కొనే గ్యాస్ సిరప్. దాంట్లోని అల్యూమినియం, మెగ్నీషియం కడుపులోనే డోల్యుటెగ్రావిర్‌ను పట్టేసుకుంటాయి, మందు రక్తంలోకి సరిగా ఎక్కదు. సిరప్‌కు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో మాత్ర వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ ఇదే లెక్క. కాకపోతే అన్నంతోపాటు అయితే వాటిని కలిపి వేసుకోవచ్చు. గర్భిణులకు ఈ రెండూ ఇస్తారు కాబట్టి వాళ్లకు ఎవరైనా ఈ మాట తప్పకుండా చెప్పాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, రోజుకు 1000 మి.గ్రా. మించకుండా చూస్తారు.

ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. మర్నాటి మాత్ర వేళ దగ్గరపడి ఉంటే మరిచిన మాత్రను వదిలేయాలి, రెండు కలిపి మింగకూడదు. కనీసం 95 శాతం మాత్రలు పడాలంటారు, 30 మాత్రల్లో రెండు తప్పితే దాని కిందికి పడిపోయినట్టే. పూర్తిగా ఆపేస్తే కణాల్లో దాగిన వైరస్ కొద్ది వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. టెనోఫోవిర్, లామివుడిన్ దాన్నీ అణిచి ఉంచుతాయి, హఠాత్తుగా ఆపితే కాలేయం వాచిపోతుంది.

అయితే మాత్ర తప్పడానికి కారణం మతిమరుపే అయితే ఫోన్‌లో అలారం చాలు. నేను చూసినంతలో ఎక్కువమందికి కారణం దాపరికం. ఇంట్లో ఎవరైనా చూస్తారని లేబుల్ చించేస్తారు, మాత్రలు కాగితంలో పొట్లం కట్టి బీరువాలో చీరల కింద పెడతారు. చెన్నై ఉక్కపోతకు మాత్రలు చెమ్మగిల్లుతాయి. డబ్బాలో ఉండే చిన్న తెల్ల సంచి చెమ్మను పీల్చడానికే, దాన్ని పారేయకూడదు. దాచక తప్పదనుకుంటే మూత బిగుతుగా ఉన్న విటమిన్ డబ్బాలోకి ఆ సంచితో సహా మార్చుకోండి, పిల్లలకు మాత్రం అందనివ్వకండి. చుట్టాలింట్లో పెళ్లికి వెళ్లినప్పుడు ఆ రోజు మాత్ర చొక్కా జేబులో ఉండాలి. అందరి ముందూ సూట్‌కేసు తెరవాల్సి వస్తే ఆ పూట మాత్ర వేసుకోరు.

సెంటర్‌కు వెళ్లినప్పుడు మిగిలిన మాత్రలు లెక్కపెడతారు. తిడతారన్న భయంతో ముందురోజు రాత్రే మిగిలినవి సింకులో వేసి నీళ్లు వదిలేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆరో నెలలో, పన్నెండో నెలలో, ఆపైన ఏడాదికోసారి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూస్తారు. అది మిల్లీలీటరు రక్తంలో 1000 వైరస్ కాపీలు దాటితే కౌన్సెలింగ్ పెంచి, మూడు నెలలు సరిగ్గా వేసుకున్నాక మళ్లీ పరీక్షిస్తారు. అప్పటికీ తగ్గకపోతే మందు మార్చే ఆలోచన చేస్తారు. మాత్రలు తప్పాయనో, గ్యాస్ సిరప్ తాగాననో చెప్పకపోతే మంచి మందు పనికిరాదని తేల్చేసి, ఎక్కువ మాత్రలున్న రెండో వరుస మందులకు మార్చేయవచ్చు. కౌన్సెలర్‌కు అబద్ధం చెబితే నష్టపోయేది మనమే.

ఇక తాగుడు. మందు కొట్టిన రోజు మాత్ర వేస్తే వికటిస్తుందని మానేసేవాళ్లు శని, ఆదివారాలు రెండూ పోగొట్టుకుంటారు. టీఎల్‌డీ మాత్ర తాగిన రోజున కూడా వేసుకోవాల్సిందే. టీబీ మందులు నడుస్తున్నప్పుడు మాత్రం తాగితే కాలేయానికే ముప్పు.

వైరల్ లోడ్ 200 లోపు నిలబడి ఉంటే శృంగారం ద్వారా ఎదుటివారికి హెచ్ఐవి సోకదు. మాకెంత ఊరటనిచ్చిన విషయమో చెప్పలేను. కానీ అది మాత్ర రోజూ పడినంతకాలమే, పైగా సిఫిలిస్, గనేరియా దానితో ఆగవు, సూది పంచుకోవడానికి ఆ భరోసా వర్తించదు. ఇద్దరికీ ఉంది కదా అని నిరోధ్ మానేసే జంటల్లో ఒకరి మాత్రలు తప్పి వైరస్ మొండిబడితే, మందుకు లొంగని ఆ రకం రెండోవారికీ అంటుకోవచ్చు. నిరోధ్‌కు కొబ్బరినూనె రాయకండి, రబ్బరు దెబ్బతిని చిరుగుతుంది. హెచ్ఐవి లేని భాగస్వామితో ఉన్నప్పుడు అది చిరిగి, మీ వైరల్ లోడ్ ఎక్కువగానో తెలియకుండానో ఉంటే, వాళ్లు వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా ఆసుపత్రికి వెళ్లాలి. 28 రోజుల నివారణ మందు ఇస్తారు.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు నాలుగు మాత్రలు ఎక్కువే పెట్టుకోండి, చికిత్స పుస్తకం కూడా. ఒంగోల్లో ఉండగా మందు అయిపోతే చెన్నై వచ్చేదాకా ఆగొద్దు. పుస్తకం పట్టుకుని దగ్గర్లోని ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లి అడగండి. ఎటు వెళ్లాలో తెలియకపోతే 1097కు ఫోన్ చేయండి, అది ఉచితం.