కొబ్బరి తోటల మధ్య ఎరువు కుప్ప 90 రోజులు దాటకూడదు

కోనసీమలో పంచాయతీ ట్రాక్టరు ట్రక్కులోకి తొంగి చూస్తే ప్లాస్టిక్ కన్నా ముందు కనబడేవి కొబ్బరి మట్టలు, అరటి బోదెలు, కాలవలోంచి లాగిన గుర్రపుడెక్క. టన్ను గుర్రపుడెక్కలో 900 కిలోలకు పైగా నీళ్లే. డీజిల్ ఖర్చు పెట్టి ఆ నీళ్లను డంపింగ్ యార్డుకి మోయిస్తున్నాం. అక్కడ ప్లాస్టిక్ కింద గాలాడక కుళ్లి మీథేన్ వదులుతుంది. వేసవిలో ఎండిన మట్టలకి నిప్పంటుకుంటే ఆర్పడం మహా కష్టం.

నిబంధనలు లేక కాదు. 2016 ఏప్రిల్ 8న కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే తోట చెత్తను విడిగా ఉంచాలని, వీధిలోనో కాలవలోనో పారేయకూడదని, తగలబెట్టకూడదని ఉంది. పార్కుల చెత్తను వీలైనంత వరకు పార్కులోనే ఎరువు చేయాలనీ ఉంది. వాటి స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త నిబంధనల్లో తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త అని నాలుగు విభజనలు. రోజుకు 100 కిలోలు, ఆపైన చెత్త వస్తే పెద్ద చెత్త ఉత్పత్తిదారు కిందే లెక్క, కాబట్టి గెలల మార్కెట్టు, పూల మార్కెట్టు తమ చెత్త బాధ్యత తామే మోయాలి.

అయితే దేశమంతటికీ రాసిన నిబంధనలో డెల్టా సంగతులు రెండు ఉండవు. ఒకటి, గొయ్యి తవ్వితే నీరూరే నేల. రెండోది కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగు.

గొయ్యిలో ఎరువు ఇక్కడ పనికిరాదు. వానాకాలంలో ఊటనీరు చేరి గాలి అందదు, మురుగు కంపు కొడుతుంది. మెరక చేసి, అడుగున ముక్కలు చేసిన మట్టలు జానెడు మందాన పరిచి, దానిమీదే కుప్ప వేయాలి. వెడల్పు 5 అడుగులు, ఎత్తు 4 నుంచి 5 అడుగులు, పొడవు ఎంతైనా సరే. 3 అడుగులకి తగ్గితే వేడి నిలవదు, 5 దాటితే అడుగు అణిగిపోయి గాలి ఆడదు.

అరటి బోదెల్ని 2, 3 అంగుళాల ముక్కలుగా నరకాలి. నిలువుగా చీల్చి వదిలేస్తే నెలరోజులైనా లోపల పచ్చిగానే ఉంటాయి. గుర్రపుడెక్కని పూత రాకముందే తీసి రెండు మూడు రోజులు ఎండలో వాడ్చాలి. పూసిందాని గింజలు ఏళ్ల తరబడి బతికి ఉండి, ఎరువుతో పాటు మళ్లీ పంటబోదెలోకి, కాలవలోకి చేరతాయి. ఇలాంటి పచ్చిది ఒక గంపకి, వరిగడ్డి, ఎండుటాకులు వంటి ఎండుది ఒకటిన్నర నుంచి రెండు గంపలు. పొరకో పొరకీ పేడనీళ్లు. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధార కడితే ఎండుది తక్కువైనట్టు, అసలు రాలకపోతే నీళ్లు చాలనట్టు. మట్ట మొదలు మాత్రం యంత్రంలో వేసి ముక్కలు చేయకుండా కలపొద్దు, ఏడాదైనా అలాగే ఉంటుంది.

నాలుగైదు రోజులకి కుప్ప నడుమ ఇనుప ఊచ గుచ్చి పది నిమిషాలాగి తీయండి. చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే పని సవ్యంగా సాగుతోంది. 10, 20, 35 రోజులకి తిరగేయాలి. అంచుల్లోది తప్పకుండా నడుమకి రావాలి.

ఎందుకంటే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది ఆ చల్లటి అంచుల్లోనే. తెల్లగా, లావుగా, వంకీ తిరిగి ఉండే ఆ పిల్లపురుగు కుప్పలో మూడు నుంచి ఆరు నెలలు పెరిగి, రెక్కల పురుగై కొబ్బరి మొవ్వు తొలుస్తుంది. తర్వాత విచ్చుకున్న కమ్మ కత్తెరతో కోసినట్టు కనబడుతుంది. అందుకే 90 రోజుల్లో కుప్ప ఖాళీ కావాలి. ఏడాదిపాటు కదలని కుప్ప ఊరి తోటలన్నిటికీ పురుగు పంచిపెడుతుంది. పుచ్చిన కొబ్బరి మానులు దీంట్లో అసలు వేయొద్దు, అవి దానికి మరీ ఇష్టమైన చోటు. తిరగేసేటప్పుడు కనబడ్డ పిల్లపురుగుల్ని ఏరేయాలి. వేడి తగ్గాక, తడి ఉన్నప్పుడు ఈ పురుగుని చంపే మెటారైజియం శిలీంధ్రం చల్లాలి. వేడిగా ఉన్న కుప్పలో అది బతకదు. ఎంత చల్లాలో అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడిగి తెలుసుకోండి.

వానకి కుప్ప మీద బరకం కప్పాలి గానీ పక్కలు మూయకూడదు. నేలకి అడుగెత్తు వదలాలి.

పంచాయతీలకి నేను గట్టిగా చెప్పే మాట ఒకటే: ప్రతి కుప్ప దగ్గరా వేసిన తేదీ, తిరగేసిన తేదీలు, ఖాళీ చేయాల్సిన తేదీ రాసిన పలక పెట్టండి. తనిఖీకి వచ్చేవాళ్లు షెడ్ల సంఖ్య బదులు ఖాళీ అయిన కుప్పల్ని లెక్కపెట్టాలి.

ఎరువుని 4 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, పైన మిగిలిన పీచుని కొత్త కుప్పలో వేసుకోవచ్చు. మురుగు డ్రెయిన్లలోంచి తీసిన గుర్రపుడెక్కకి మాత్రం విడిగా కుప్ప వేయాలి. అది లోహాల్ని పీల్చుకునే మొక్క. ఆ ఎరువు ఆకుకూరలకి వద్దు, రోడ్డు పక్క చెట్లకి వాడండి.