శుక్రవారం నాటి ఆదివారం

ఖతార్‌లో ఉన్నన్నాళ్లూ మా వెల్డర్ అన్నకి ఆదివారం శుక్రవారం నాడే వచ్చేది. అక్కడ వారపు సెలవు శుక్రవారం కాబట్టి చర్చిలు నిండేది కూడా ఆ రోజే. దోహాకి దక్షిణాన మెసైమీర్‌లో, ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో, రకరకాల శాఖల చర్చిలు ఒకే ప్రహరీ లోపల ఉంటాయి. మొదటిది 2008లో తెరిచారు. బయట నుంచి చూస్తే ఏవో గోదాములు అనుకుంటాం. శిలువ కనపడదు, గంట వినపడదు. గేటు దగ్గర తనిఖీ చేసి లోపలికి వదులుతారు. లోపల ఒక హాల్లో మలయాళం, పక్క హాల్లో ఫిలిప్పీన్స్ వాళ్ల భాష, ఆ పక్కన తమిళం. గంటల లెక్కన పంచుకుంటారు. తెలుగువాళ్లకీ ఒక పూట ఉంటుంది.

ఆ గేటు దాకా నేను చాలాసార్లు వెళ్లాను. ప్రార్థనలో మాత్రం కూర్చోలేదు. మా క్యాంపు అల్ ఖోర్ దగ్గర. నలుగురు కలిసి కారు మాట్లాడుకుంటే తలకి తక్కువ పడుతుందని అన్నవాళ్లతో పాటు దోహా దాకా వెళ్లేవాణ్ణి. వాళ్లు లోపలికెళ్తే నేను బజారుకి పోయేవాణ్ణి.

నాకు దేవుడు లేడు. గొప్ప కోసం చెప్పడం కాదు, మాది ఉద్దానంలో ఎర్రజెండా ఇల్లు, అంతే. శ్రీకాకుళ పోరాటం రోజులు కళ్లారా చూసిన తాత, ఏ గుడికీ వెళ్లని నాన్న. దేవుడి పటం ఉండాల్సిన గోడకి మా ఇంట్లో అమరవీరుల ఫోటోలుండేవి. క్రైస్తవం అంటే మాకు తెలిసింది సోంపేట ఆసుపత్రే. కెనడా బాప్టిస్టు మిషన్ తరఫున వచ్చిన డాక్టర్ గలిసన్ అక్కడ కంటి ఆపరేషన్లు చేసేవారు. చర్చి గడప తొక్కని ముసలివాళ్లు కూడా మా వైపు ఆయన పేరు తలుచుకుంటారు.

అన్నది సోంపేట దగ్గర ఊరు. నేను పైపు ఫిట్టర్ని, ఆయన టిగ్ వెల్డర్. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లలో మా ఇద్దరిదీ ఒకే జత, క్యాంపులోనూ ఒకే గది. పైపులు లెవెల్ చూసి, మధ్యలో గ్యాప్ ఉంచి, ట్యాక్ పెట్టి, అంటే అక్కడక్కడా చుక్కలుగా అతికించి, ఇవ్వడం నా పని. అడుగు వరస రూట్ నుంచి పై వరస క్యాప్ దాకా నింపడం ఆయన పని. రాత్రికి ఎక్స్‌రే తీస్తారు. ఫిల్మ్‌లో పోరాసిటీ, అంటే గాలి బుడగల బెజ్జాలు, కనపడితే ఆ జాయింటు కోసి మళ్లీ చెయ్యాలి, వెల్డర్ రికార్డుకి దెబ్బ. అందుకే రూట్ మొదలుపెట్టే ముందు ప్రతి వెల్డరుకీ లోపల ఎంతో కొంత టెన్షన్ ఉంటుంది. అన్న హెల్మెట్ దించే ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకునేవాడు.

ఒకసారి అడిగాను. "ప్రార్థన చేస్తే రిపేరు రాదా అన్నా?"

"ఎందుకు రాదు బాబూ? ఆర్గాన్ గ్యాస్ సరిగ్గా రాకపోతే పాస్టరుగారు వెల్డింగ్ చేసినా పోరాసిటీ వస్తాది."

"మరెందుకు చేస్తావు?"

"చెయ్యి ఒణక్కుండా ఉంటాది."

ఇంటి నుంచి ఏదైనా ఫోనొచ్చిన రోజున నా చెయ్యి కూడా ఒణికేది. నేను ఒక సిగరెట్టు కాల్చి వచ్చేవాణ్ణి. సిగరెట్టుకి డబ్బు ఖర్చు, ఊపిరితిత్తులకి నష్టం. ఈ లెక్కలో మాత్రం ఆయనదే లాభం అని నేను ఏనాడో ఒప్పుకున్నాను.

మా గదిలో ఆరుగురం. అందరూ అన్నలా భక్తులు కారు, నాలా నాస్తికులూ కారు. కవిటి కుర్రాడి ఫోన్లో అరసవల్లి సూర్యనారాయణమూర్తి ఉంటాడు, కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతర వీడియో వస్తే మూడుసార్లు చూస్తాడు. అయితే ఆ దేవుడు వాణ్ణి వారానికోసారి ఫలానా చోటికి రా అనడు. రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషీ లేడు. ఊళ్లో ఉన్నప్పుడు ఆ అడిగే పని ఊరే చేస్తుంది. క్యాంపులో ఊరు ఉండదు. క్రైస్తవులు తమ వెంట తెచ్చుకోగలిగింది అదేనని నాకనిపిస్తుంది. దేవుణ్ణి అందరూ తెచ్చుకుంటారు. వీళ్లు సంఘాన్ని కూడా మోసుకొస్తారు.

ఎండాకాలంలో మధ్యాహ్నం బయట పని నిషేధం. 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా, పది గంటల నుంచి మూడున్నర వరకు ఆపాలి. అందుకని డ్యూటీ బస్సు చీకట్లోనే వచ్చేది. దానికంటే ముందే లేచేవాళ్లు గదిలో ఇద్దరే: అన్న, బీహార్ నుంచి వచ్చిన ముస్లిం రిగ్గరు (క్రేనుకి బరువులు కట్టేవాడు). ఆయన నమాజుకి, ఈయన ప్రార్థనకి. ఎవరికి ముందు మెలకువ వస్తే వాళ్లు రెండోవాణ్ణి లేపేవాళ్లు. బంకు మంచానికి కట్టిన దుప్పటి వెనక అన్న గుసగుసగా పేర్లు చదివేవాడు. భార్య, పిల్లలు, వాళ్ల సంఘంలో జబ్బు పడ్డవాళ్లు. ఒకరోజు ఆ జాబితాలో నా పేరు కూడా వినపడింది. నాకు కొంచెం చిరాకేసింది, నిజం చెప్పాలంటే. నా అనుమతి లేకుండా నా ఫైలు పై ఆఫీసుకి పంపినట్టు. కాసేపటికి అది పోయింది. ఆ పొద్దున ప్రపంచంలో నా పేరు తలిచిన మనిషి ఇంకెవరు?

తాగుడు సంగతి చెప్పాలి. క్యాంపుల్లో దొంగచాటు సరుకు ఎలాగో దొరుకుతుంది. దొరికితే జైలు, ఆపైన ఇంటికి పంపేస్తారు. అయినా ఆగరు. నేనూ తాగను, అన్నా తాగడు. కానీ ఆయన "నేను విశ్వాసినిరా" అంటే అక్కడితో అయిపోయేది, మళ్లీ ఎవరూ బలవంతం చేసేవాళ్లు కాదు. నేను వద్దంటే ప్రతిసారీ విచారణే. ఎందుకు తాగవు, డాక్టరు వద్దన్నాడా, పెళ్లాం ఒట్టు పెట్టిందా, మమ్మల్ని తక్కువగా చూస్తన్నావా? మతం ఒక మనిషికి ఇచ్చే సౌకర్యాల్లో ఇదొకటి, ఎదుటివాళ్లు గౌరవించే కారణం ఒకటి చేతికిస్తుంది. అది లేనివాడు అదే నిర్ణయాన్ని ప్రతి వారం కొత్తగా గెలుచుకోవాలి.

ఇక డబ్బు. ఇక్కడ నాకూ ఆయనకీ పోట్లాటే. శుక్రవారం ఓవర్‌టైముకి, అంటే ఓటీకి, మామూలు రోజు కంటే ఎక్కువ వస్తుంది. ఫోర్‌మన్ గురువారం సాయంత్రం పేర్లు రాసుకుంటాడు. నేను తరచూ రాయించుకునేవాణ్ణి, ఆయన రాయించుకునేవాడు కాదు. మరమ్మతులకి ప్లాంటు ఆపే షట్‌డౌన్ రోజుల్లో సెలవన్నదే ఉండదు, అప్పుడు తప్పదు. మిగతా రోజుల్లో మాత్రం ససేమిరా. పైగా జీతంలో నూటికి పది దేవుడికి. ఏజెంటుకి కట్టిన డబ్బు మీద నూటికి మూడు రూపాయల వడ్డీ నడుస్తుండగా దశమభాగం ఏంటని అరిచాను. ముందు వడ్డీ తీర్చు, దేవుడు ఆగుతాడు, షావుకారు ఆగడు అన్నాను. ఇంట్లో వదిన కూడా నా మాటే అనేదట.

"ఈ పది తియ్యకపోతే మిగతా తొంభై నాది అనిపిస్తాది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆ తొంభై ఆయనదే కదా. ఎండలో నిలబడి సంపాదించినవాడిది కాకపోతే ఎవరిది? ఇప్పటికీ ఈ విషయంలో నా మాటకే కట్టుబడి ఉన్నాను. అప్పు తీరడానికి ఆయనకి నాకంటే ఎక్కువ కాలం పట్టింది. అయితే ఒకటి గమనించాను. శుక్రవారాలు ఓటీ చేసి నేను సంపాదించినదాంట్లో సగం ఏ ఫోన్లకో, ఎవడికో ఇచ్చిన చేబదులుకో పోయింది. ఆయన కానుకలో కొంత ఊళ్లో రేకుల చర్చికి పోయింది, కొంత దోహా సంఘంలో ఉద్యోగం పోయినవాడి టికెట్టుకి పోయింది. ఆ సంఘం పాస్టరుగారు వారమంతా ఏసీ మెకానిక్. ఆయన కారు మా ఫోర్‌మన్ కారు కంటే పాతది. అది చూశాక నా నోరు కొంత తగ్గింది.

2018లో తిత్లీ తుఫాను వచ్చింది. అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. అప్పటికి మాకు అర్ధరాత్రి దాటి కొంతసేపు. రెండున్నర గంటల తేడా. ఇంటికి ఫోన్లు కలవలేదు. నాన్నది, తమ్ముడిది, పక్కింటివాళ్లది, ఊళ్లో గుర్తున్న ప్రతి నంబరూ కొట్టాను. టవర్లు పోయాయి, కరెంటు పోయింది. మరుసటి రోజు శుక్రవారం. ఓటీకి వెళ్లలేక అన్నతో దోహా వెళ్లాను. ఆ రోజు ప్రార్థన అయ్యాక వాళ్లు ఒక కాగితం మీద ఊళ్ల పేర్లు రాయడం మొదలుపెట్టారు. కంచిలి, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు వైపువి. బరంపురంలో ఒక బ్రదర్‌కి ఫోను కలిసింది. ఆయన సోంపేట వైపు పాస్టర్లకి కబురు పంపాడు. వాళ్లు పడిన చెట్ల మధ్య నుంచి బండి నడిపించుకుంటూ, కుదరని చోట నడుచుకుంటూ ఊరూరా తిరిగారు. మా ఊళ్లో చర్చి లేదు. గేటు బయట నిలబడ్డ నన్ను చూసి అన్న మా ఊరి పేరు కూడా రాయించాడు. "నాన్నగారు క్షేమం, కొబ్బరి తోట మొత్తం పోయింది" అన్న మాట నాకు ఆ దారినే వచ్చింది.

తర్వాత తెలిసింది, ఆ రెండు రోజులూ మా ఊళ్లో నాన్న స్నేహితులు గొడ్డళ్లు పట్టుకుని రోడ్ల మీద చెట్లు నరుకుతూనే ఉన్నారని, బడిలో గంజి కాచారని. మంచితనానికి మావాళ్లూ తక్కువ తినలేదు. కాకపోతే వాళ్ల దగ్గర నుంచి దోహాకి తీగ లేదు. ఆ మాట నన్ను చాలాకాలం తొలిచింది.

అందుకే నేనూ ఒక ప్రయత్నం చేశాను. క్యాంపులో ఉద్దానం వాళ్లని కూడగట్టి, కులం మతం లేకుండా, శుక్రవారం సాయంత్రం మెస్ వెనక కూర్చోవడం మొదలుపెట్టాం. నెలకి తలా పది రియాళ్లు. కొత్తగా వచ్చినవాడికి సిమ్ కార్డు, జబ్బు పడ్డవాడికి తోడు. మొదట్లో బాగా వచ్చారు. ఒక నేపాలీ కుర్రాడు స్కాఫోల్డింగ్ మీంచి పడితే ఆసుపత్రిలో మా వాళ్లే వంతులు వేసుకున్నారు. అన్న కూడా పది రియాళ్లు కట్టేవాడు. షట్‌డౌన్ వచ్చింది, పన్నెండు గంటల డ్యూటీలు, ఒక్కొక్కరే రావడం మానేశారు. ఎందుకు రాలేదని అడిగితే నా మీద విసుక్కున్నారు. వాళ్ల తప్పు లేదు. మా కూటానికి రాకపోతే బాధపడేది నేనొక్కణ్ణే. చర్చికి రానివాడు ఇంకెవరికో జవాబు చెప్పుకోవాలి. అదే షట్‌డౌన్లో చర్చివాళ్లు మధ్యాహ్నం భోజనాల దగ్గర పది నిమిషాలు కూడుకున్నారు, పైపుల నీడలో.

అలాగని చర్చిలో చెప్పినవన్నీ బాగున్నాయని కాదు. మా ప్రాంతానికి కిడ్నీ జబ్బు ఉంది, కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల ఆసుపత్రి వచ్చింది. కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్, ఆ మాట చదువురాని ముసలమ్మలకి కూడా తెలుసు. గల్ఫ్ ఎండలో పనిచేసి సెలవుకి వచ్చిన ప్రతివాడూ ముందు చేయించుకునే పరీక్ష అదే. ఒకసారి బయట నుంచి వచ్చిన ప్రసంగీకుడెవరో స్వస్థత కూటంలో మందులు మానేసి నమ్మమన్నాడు. వదినకి దూరపు చుట్టం ఒకామె మానేసింది కూడా. అన్న ఖతార్ నుంచి ఫోన్లో ఆ ప్రసంగీకుణ్ణి తిట్టిన తిట్లు నేను విన్నాను. విశ్వాసి నోట అలాంటివి వస్తాయనుకోలేదు. "ప్రభువు డాక్టర్లని ఊరికే పుట్టించాడేటి? సోంపేట ఆసుపత్రి ఎవులు కట్టినారు?" అని. ఆమె మళ్లీ మందులు మొదలుపెట్టింది.

ఇంకో ఖరీదు కూడా ఉంది, దాని గురించి ఆయన ఎక్కువ మాట్లాడడు. దళితుడు క్రైస్తవుడైతే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది. మన రాష్ట్రంలో బీసీ-సి అవుతాడు, ఆ గ్రూపుకి ఒక్క శాతం రిజర్వేషన్. ఊళ్లో ఆయన్ని చూసే చూపు మాత్రం మారదు. అన్న తండ్రి ఉన్నదున్నట్టు కాగితం మీద రాయించుకున్నాడు. ఆ నిజాయితీ వల్ల ఏం వచ్చిందో, ఏం పోయిందో అన్న తన కొడుకు కుల సర్టిఫికెట్ కోసం తిరిగినప్పుడు చూశాను. దేవుణ్ణి నమ్మనందుకు నాకు ఏ ఆఫీసులోనూ ఏమీ పోలేదు. మా ఇద్దరిలో ఎవరి దారి కష్టమో ఎవరైనా అడిగితే ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోమంటాను.

ఇప్పుడు ఇద్దరం ఊళ్లోనే ఉన్నాం. అబుదాబిలో పని అని పిలుపు వచ్చింది. ఎమిరేట్స్‌లో 2022 జనవరి నుంచి ప్రభుత్వానికి శని, ఆదివారాలు సెలవు, చాలా కంపెనీలూ మారాయి. ఈ వార్త తెలిసినప్పటి నుంచి అన్న ముఖం వెలిగిపోతోంది, ఇన్నేళ్లకి ఆదివారం ఆదివారం నాడే వస్తుందని. ముసఫ్ఫాలో చర్చి క్యాంపులకి దగ్గరేనని ఎవరో చెప్పారట. మొన్న ఏజెంటు దగ్గరికి కలిసి వెళ్లాం.

"ఆదివారం సెలవేనా?" అని అన్న అడిగాడు.

"బేసిక్ ఎంత, ఓటీ ఎంత?" అని నేనడిగాను.

"అక్కడికెళ్లాక చూసుకోండి" అన్నాడు ఏజెంటు, ఇద్దరికీ కలిపి.