రెటీనాను ఎంఆర్ఐతో చూడవచ్చా?

నేను బలమైన అయస్కాంతంతో శరీరం లోపలి చిత్రాలు తీసే ఎంఆర్ఐ విభాగంలో పనిచేస్తున్నందువల్ల, మధుమేహంతో చూపు మందగించిన బంధువులు తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. మెదడును, వెన్నెముకను అంత వివరంగా చూపించే యంత్రం ఉండగా, కంటి వైద్యులు రెటీనా (కంటి వెనుక భాగంలో వెలుతురును గ్రహించే పలుచని పొర) కోసం దానిని ఎందుకు వాడరని వారి సందేహం. ప్రశ్న సబబైనదే, జవాబు కొలతల్లో ఉంది. పెద్దవారి కనుగుడ్డు ముందు నుంచి వెనుకకు సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని లోపలి గోడను అంటిపెట్టుకొని ఉండే రెటీనా మందం మాత్రం మిల్లీమీటరులో నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ఆసుపత్రుల్లో మామూలుగా తీసే కంటి ఎంఆర్ఐ చిత్రంలో ఒక్కొక్క చుక్కే దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది కనుక, రెటీనా మందమంతా ఒక చుక్కలోనే ఇమిడిపోతుంది. 1991లో వెలువడిన ఓసీటీ (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ) పరీక్ష కాంతితో పనిచేస్తూ కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తేడాను సైతం పట్టుకుంటుంది. మధుమేహం వల్ల రెటీనాలో వచ్చే వాపును చూడడానికి అదే తగిన పరీక్ష.

అయితే కాంతికి దారి కావాలి. శుక్లం బాగా ముదిరినా, కంటి లోపల రక్తం నిండినా ఆ దారి మూసుకుపోతుంది. అటువంటప్పుడు ముందుగా అల్ట్రాసౌండ్ చేస్తారు. కనుగుడ్డు గోడను దాటి వెనుకకు, కంటి నరం పొడవునా చూడవలసి వచ్చినప్పుడే ఎంఆర్ఐ అవసరం నిజంగా తెలుస్తుంది.

పసిపిల్లల రెటీనాలో పుట్టే క్యాన్సర్ కణితి రెటినోబ్లాస్టోమా ఇందుకు నాకు తెలిసిన అతి ముఖ్యమైన ఉదాహరణ. ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో బిడ్డ కంటిపాప తెల్లగా మెరవడం చూసి చాలామంది తల్లిదండ్రులు దీనిని మొదట గమనిస్తారు. కణితిలోని సున్నపు మచ్చలను సీటీ స్కాన్ స్పష్టంగా చూపిస్తుంది. కానీ ఆర్‌బీ1 అనే జన్యువులో పుట్టుకతోనే లోపం ఉన్న పిల్లలకు భవిష్యత్తులో వేరే క్యాన్సర్లు వచ్చే ముప్పు ఎక్కువ కాబట్టి, వారిని వీలైనంతవరకు ఎక్స్ కిరణాలకు దూరంగా ఉంచాలి. ఎంఆర్ఐలో ఆ కిరణాలు లేవు. పైగా కణితి కంటి నరంలోకి పాకిందా, కనుగుడ్డు గోడను దాటిందా, మెదడులోని పినియల్ గ్రంథి దగ్గర మరో కణితి ఉందా అన్న మూడు ప్రశ్నలకూ ఒకే పరీక్షలో జవాబు వెతకవచ్చు. హైదరాబాదులోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట్ల ఈ పిల్లలకు చికిత్స చేస్తారు. కన్ను నిలుస్తుందా, తీసివేయాలా అన్న నిర్ణయంలో ఈ చిత్రాలకు పెద్ద పాత్ర ఉంది. పసిబిడ్డ కదలకుండా ఉండలేదు గనుక మత్తు ఇచ్చి స్కాన్ తీస్తారు. పెద్దవారినైతే ఒక గుర్తు వైపే చూస్తూ, చెప్పినప్పుడు మాత్రమే రెప్ప వేయమని కోరవచ్చు. కన్ను కాస్త కదిలినా చిత్రం చెదురుతుంది.

పరిశోధనశాలల్లో సంగతి వేరు. 2006లో అమెరికాలో పరిశోధకుడు తిమొతీ డువాంగ్ బృందం ఎలుకల రెటీనాలో రక్తనాళాలున్న లోపలి పొరను, అవి లేని బయటి పొరను, దాని వెనుకనున్న కోరాయిడ్ అనే రక్తనాళాల పొరను ఎంఆర్ఐతో విడివిడిగా చూపగలిగింది. కంటి లోపలి వెలుతురు మార్గంతో నిమిత్తం లేకుండా ఆ పొరల్లో రక్తప్రసరణను కూడా గమనించగలగడం నన్ను ఇప్పటికీ ఉత్సాహపరిచే విషయం. మనుషుల్లో అంత సూక్ష్మత సాధించడానికి మరింత బలమైన అయస్కాంతాలు, కంటికి ఆనించి పెట్టే, సంకేతాలను అందుకునే చిన్న తీగచుట్టలు (కాయిల్స్) అవసరమవుతాయి.

కంటి స్కాన్ అయినా, మరే భాగపు స్కాన్ అయినా, ముందు తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది: కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా? కంటిలో లోహపు ముక్క ఉన్న రోగికి ఎంఆర్ఐ తీయగా, ఆ ముక్క కదిలి రక్తస్రావమై చూపు పోయిన ఉదంతం 1986లో వైద్య పత్రికలో నమోదైంది. అందుకే గ్రైండింగ్, లేత్ పనులు చేసినవారు ఆ విషయాన్ని దాచకుండా చెప్పాలి. అనుమానం ఉంటే ముందుగా కంటికి ఎక్స్‌రే తీస్తారు. శుక్లం ఆపరేషన్‌లో అమర్చిన ప్లాస్టిక్ లెన్స్ గురించి మాత్రం భయపడనక్కరలేదు.